స్వామి పెళ్లికి చదివింపులు

నాకు రాయడం అలవాటు లేదు. పాణ్యం దగ్గర మా పుట్టినూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అదీ చివరి పరీక్ష రాయకుండానే మానేశాను. ఆ తర్వాత కలం పట్టింది ఎప్పుడైనా సంతకం పెట్టడానికే. ఒత్తులు తప్పుతాయేమో, చదివినవాళ్లు నవ్వుతారేమో అని చాలా రోజులు వెనకాడాను. కానీ మా మామ గురించి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మామ అంటే మా ఆయన తండ్రి. ఆ ఇంటి కోడలినని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పే.

నేను కాపురానికి వచ్చిన ఊరు శిరివెళ్లకీ ఆళ్లగడ్డకీ నడుమ ఉంటుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులు అవి. ఇట్లా వచ్చిన ప్రభుత్వం అట్లా పడిపోయింది. మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. అవి సరిగ్గా పార్వేట రోజుల్లో పడ్డాయి.

పార్వేట అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. కనుమ నాటి నుంచి అహోబిలం నరసింహస్వామి పల్లకి ఎక్కి ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెళ్లికి రమ్మని స్వయంగా వచ్చి పిలుస్తాడని మా నమ్మకం. ప్రతి ఊళ్లో పల్లకి దించడానికి ఒక అరుగు ఉంటుంది. దాన్ని తెలుపు అంటారు. స్వామి ఆ తెలుపు మీద కూర్చున్న రోజు ఊరంతటికీ పండగే. పల్లకి మోసేవాళ్లకీ, వెంట వచ్చినవాళ్లకీ ఊరే అన్నం పెట్టాలి. దానికి ప్రతి ఇల్లూ ఇంత అని ఇస్తుంది. జొన్నలు ఇచ్చేవాళ్లు జొన్నలు, బెల్లం ఇచ్చేవాళ్లు బెల్లం, ఏమీ లేనివాళ్లు ఒక మోపు కట్టెలు. ఇవన్నీ బండి కట్టుకుని ఇంటింటికీ తిరిగి తెచ్చేది మా మామ. ఆయనను ఏనాడూ ఎవరూ లెక్క అడగలేదు. వచ్చింది వాళ్ల కళ్ల ముందే వండేవాళ్లు, వాళ్లే తినేవాళ్లు. ఇంకేం అడుగుతారు?

ఆ ఏడు మా ఊరి తెలుపు ఒక పక్క కుంగిపోయింది. రాళ్లు తీసి మళ్లీ కట్టాలి. పంటలు అంతంతమాత్రం. మామ ఎట్లారా దేవుడా అనుకుంటుండగా ఆళ్లగడ్డ నుంచి ఒక మనిషి వచ్చాడు. పత్తి వ్యాపారం చేసేవాడు. ఎలక్షన్లో నిలబడిన ఒక పెద్దమనిషి తరఫున ఊర్లు తిరుగుతున్నాడు. అందరూ ఆయనను ఏజెంటు అనే పిలిచేవాళ్లు. ఇత్తడి తట్టలో టెంకాయ, ఆకువక్క, అరటిపండ్లు, వాటి మీద నూరు రూపాయలు పెట్టుకుని మా ఇంటి గడపలో నిలబడ్డాడు.

"పెద్దాయనా, మా అయ్య సామి పెండ్లికి పంపినాడు. తట్టలో పెట్టి ఇచ్చేది వద్దనగూడదు."

మామ పంచెకు చేతులు తుడుచుకుని, రెండు చేతులా తట్ట అందుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"సామికి ఇచ్చేదాన్ని వద్దనేకి నేనెవరప్పా?"

ఆయన చేసిన పొరపాటు అదే. చేతిలో నోట్లు పెడితే మొహాన కొట్టేవాడు. స్వామి పేరు చెప్పి తట్టలో పెట్టి ఇస్తే మా వైపు మనిషి ఎవరూ కాదనలేడు. ఆ ఏజెంటుకు ఆ సంగతి బాగా తెలుసు.

వారం తిరక్కముందే మాట మారిపోయింది. ఆళ్లగడ్డ సంతలో ఏజెంటు అందరి ముందూ అన్నాడట. "ఆ ఊరు మనదే. ముసలాయన దుడ్లు తీసుకున్న్యాడు. సామి సాక్షి." సంతకు పోయినవాళ్లు ఆ మాటను బండ్ల మీద ఊరికి తెచ్చారు. ఇల్లు మారేకొద్దీ మాటల్లో ఆ నూరు రూపాయలూ పెరిగాయి. ఒక ఇంట్లో ఐదు నూర్లు, ఇంకో ఇంట్లో వెయ్యి. నీళ్ల బావి దగ్గర ఆడవాళ్లది ఇంకో భయం.

"సామి దుడ్లతో వండిన అన్నం తిని, వోటు ఇంకొకరికి ఏస్తే కండ్లు పోతాయంట మే!"

"అయితే తినకుండా ఉంటావా?"

"సామి వచ్చిన దినం పస్తుంటే అదీ పాపమే గదా!"

ఇట్లా నవ్వుతూ అన్నా, లోపల అందరికీ దిగులే. ఒకరోజు మామ చావడి దగ్గర కూర్చుని ఉంటే ఒక పడుచువాడు అడిగేశాడు. "మామా, తెలుపుకు ఎంత, ఇంటికి ఎంత?" చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా నవ్వారట. మామ తుండుగుడ్డ దులుపుకుని లేచి ఇంటికి వచ్చేశాడు. అంతే, చావడికి పోవడం మానేశాడు. చందాకు బండి కట్టలేదు. కొర్రన్నం పెడితే నాలుగు మెతుకులు తిని కంచం పక్కకు తోసేసేవాడు. ఊరు నమ్మి ఇంటి తలుపు తీసి ఇచ్చే మనిషి ఆయన. ఆ నమ్మకం తప్ప ఆయనకు వేరే ఆస్తి ఉన్నట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు. అదే పోతూ ఉంది.

అత్త ఊరుకునే మనిషి కాదు. "యాల ఇట్లా కూసుంటావు? ఆ దుడ్లు వాని మొగాన పారేసి రాపో" అంది.

"సామి తట్ట తిప్పి పంపిస్తే ఊరికి అరిష్టం అంటారు."

"అయితే ఉంచుకో."

"ఉంచుకుంటే ఊరిని అమ్మినట్టు."

"ఉంచుకోగూడదు, ఇయ్యగూడదు. ఇంగ నెత్తిన పెట్టుకుని తిరుగు!" అని అత్త విసురుగా చేట తీసుకుని నా పక్కన కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం జొన్నలు చెరుగుతున్నాం. నేను కొత్త కోడలిని. మామ ముందు గట్టిగా మాట్లాడి ఎరుగను. కానీ నా మనసులో ఒకటి మెదులుతూనే ఉంది. మా పుట్టింటి వైపు పెళ్లిలో ఎవరు ఏమి పెట్టినా గొంతెత్తి చదివేవాళ్లు. రవిక గుడ్డ పెట్టినా సరే, పేరు, ఊరు, ఇచ్చింది పందిరంతా వినేట్టు చెప్పేవాళ్లు. ఈ ఊళ్లో కూడా అదే ఆచారం. నా పెళ్లిలోనే చూశాను. మెల్లగా అత్తతో అన్నాను.

"అత్తా, సామి వచ్చేది పెండ్లికి పిలిచేకే గదా?"

"ఊ."

"ఆ దుడ్లూ పెండ్లికని ఇచ్చిండేవే గదా? మరి పెండ్లికి ఇచ్చినవి సదివించరా?"

అత్త చెరగడం ఆపింది. చేటలో జొన్నలు అట్లే నిలిచిపోయాయి. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, పెద్దగా నవ్వి, వసారా వైపు తిరిగి కేక వేసింది.

"ఓయ్, నీ కోడలు చెప్పేది ఇను! నోట్లో నాలిక లేదనుకుంటి. ఉండాది!"

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. మామ లేచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "మళ్లా చెప్పమ్మీ" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన చాలా సేపు నేల మీద వేలితో గీస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"సదివింపులకు బదులు సదివింపులే గదా. వోటు కాదు."

ఆ సాయంత్రం ఆయన బండి కట్టాడు. ఇంటింటి ముందూ ఆగి ఈసారి ఇచ్చింది ఇచ్చినట్టు స్వామి ముందర చదివిస్తామని చెప్పాడు. ఏజెంటుకు కబురు పెట్టాడు. స్వామి వచ్చే రోజు మీ అయ్యను పిలుచుకుని రా, మర్యాద చేస్తాం అని. ఏజెంటు సంబరపడిపోయాడట.

పల్లకి మా ఊరికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఊరి మగవాళ్లు కలిసి తెలుపు రాళ్లు సరిచేసి, ఎర్రమట్టి అలికి ముగ్గు వేయించారు. దానికి ఆ నూరు రూపాయల్లో ఒక్కటీ ముట్టలేదు. స్వామి కూర్చున్నాడు. హారతి అయింది. ఎలక్షన్లో నిలబడిన పెద్దమనిషి జీపు దిగి, చెప్పులు విడిచి వచ్చి దండం పెట్టుకున్నాడు. మనిషి మంచి ఒడ్డూ పొడుగూ. నవ్వు మొహం. ఆయనకు పూలమాల వేశారు. ఏజెంటు ఆయన పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు మామ మా ఊరి పెళ్లిళ్లలో చదివింపులు చదివే అతన్ని ముందుకు పిలిచాడు. అతనిది మంచి గొంతు. మా చేలల్లో నిలబడి పిలిస్తే పక్కూరి వాళ్లు పలుకుతారని అందరూ వేళాకోళం చేసేవాళ్లు. ఒక్కొక్క ఇంటిదీ చదవడం మొదలుపెట్టాడు. ఫలానా ఇంటివాళ్లు జొన్నలు. ఫలానావాళ్లు బెల్లం. మొగుడు పోయిన ఒక ముసలమ్మ రెండు టెంకాయలు ఇచ్చింది. ఆ పేరు అంత గట్టిగా పిలిచేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతమందిలో తన పేరు వినబడటం ఆమెకు అదే మొదలేమో.

ఏజెంటుకు అనుమానం వచ్చింది. మామ చెవి దగ్గరకు వచ్చాడు. కానీ ఆయన గుసగుస కూడా మాకు వినిపించింది.

"పెద్దాయనా, మాది సదివించద్దు. గుప్తదానం అనుకో."

మామ గొంతు తగ్గించలేదు. "గుప్తదానమైతే సంతలో యాల చెప్పినావప్పా?"

ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. మా అత్తదే ముందు.

"సామి ముందర రాజకీయాలేంది?" అని ఏజెంటు కోపం చేశాడు.

"అదే మేమూ అనేది. పెండ్లి దుడ్లు పెండ్లివిగానే ఉండనీ" అని మామ, చదివే అతని వైపు తిరిగి "కానీప్పా" అన్నాడు.

ఆ గొంతు లేచింది. "ఆళ్లగడ్డ నుంచి వోట్లకు నిలబడిన అయ్యగారు సామి పెండ్లికి నూరు రూపాయలు సదివింపులు!"

పెద్దమనిషి మొహంలో నవ్వు అట్లే ఉంది, కళ్లు మాత్రం ఏజెంటు వైపు తిరిగాయి.

"నూరేనా?" అన్నాడు.

మెల్లగానే అన్నాడు. కానీ అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు కదా. ఏజెంటు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "మిగిలినేవి... ఖర్చులకని..." అని నసిగాడు.

మా అత్త ఊరుకుంటుందా! "ఇంగా ఉండాయంటనే! తీయప్పా, అవీ సదివిద్దాం, సామి ఎదురుచూస్తాండాడు!"

ఊరు ఊరంతా నవ్వింది. పల్లకి మోసేవాళ్లు కూడా నవ్వారు. వెయ్యి అన్నవాళ్లు, ఐదు నూర్లు అన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావడి దగ్గర మామను అడిగిన పడుచువాడు జనం వెనక్కు జరిగిపోయాడు.

అప్పుడు మామ ఆ పెద్దమనిషికి చేతులు జోడించాడు. కోపం లేదు, భయం లేదు. ఇంటికి వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"అయ్యా, సామి పెండ్లికి సదివించినారు. ఊరు తీసుకున్న్యాది. మీ ఇంట్లో పెండ్లయితే ఊరు వచ్చి ఇదే నూరు సదివిస్తాది. అంతటితో సరి. వోటు మాట వేరే. వోటు మరుగులో ఏసేది, దుడ్లు బయట ఇచ్చేది. మీ మనిషి రెండిటినీ తిరగేసినాడు. వోటేమో బయట చెప్పమంటాండాడు, దుడ్లేమో మరుగులో ఇస్తాండాడు."

పెద్దమనిషి మెడలోని పూలమాల తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత "అట్లనే పెద్దాయనా" అని, స్వామికి మళ్లీ దండం పెట్టి జీపు ఎక్కాడు. ఏజెంటును ముందు సీట్లో కూర్చోనివ్వలేదు. వెనక ఎక్కించాడు.

ఆ రోజు వంటలకు ఆ నూరు రూపాయలతోనే బియ్యం తెప్పించారు. ఎంత వచ్చిందీ ఎంత అయిందీ అందరికీ తెలుసు కనుక ఎవరి గొంతులోనూ ముద్ద అడ్డం పడలేదు. నీళ్ల బావి దగ్గర కళ్లు పోతాయన్న ఆమె రెండుసార్లు వడ్డించుకుంది.

ఎలక్షన్ రోజు మొదటిసారి నేను వోటు వేశాను. అప్పట్లో నిలబడిన ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు బొమ్మ. గుడ్డ కట్టిన గదిలోకి ఒక్కరమే పోవాలి. ఇచ్చిన కాగితం మనకు నచ్చిన పెట్టెలో వేయాలి. బొమ్మలు రెండుసార్లు చూసుకుని, వేయాల్సిన దాంట్లోనే వేశాను. బయటికి వస్తే మా ఆయన "ఏ పెట్టెలో ఏస్తివి?" అని అడిగాడు. మామ పక్కనే ఉన్నాడు. "అడగద్దురా, మరుగు మాట అది" అన్నాడు. మా ఊరు ఎవరికి వేసిందో నాకు నేటికీ తెలియదు. ఆ పెద్దమనిషి మాత్రం గెలిచాడు. మామ మరుసటి రోజు నుంచి చావడికి పోయి తన చోట తాను కూర్చున్నాడు.

కథ ఇక్కడ ఆపితే మామ ఒప్పుకోడు. ఆయన మాట ఇంకొకటి బాకీ ఉంది కదా.

రెండేళ్లకో మూడేళ్లకో ఆ పెద్దమనిషి కూతురి పెళ్లి నంద్యాలలో అని తెలిసింది. మాకు శుభలేఖ రాలేదు. ఊళ్లో కొందరు "వాళ్లు మర్చిపోయినారు, మనకెందుకు" అన్నారు. మామ ఒప్పుకోలేదు. మళ్లీ బండి కట్టాడు. మళ్లీ ఇంటింటా గడప ముందు ఆగాడు. చిల్లరా నోట్లూ కలిపి నూరు రూపాయలు అయ్యాయి. టెంకాయ, ఆకువక్క, అరటిపండ్లు సర్దుకున్నాం. అదే ఇత్తడి తట్ట, ఏజెంటు మా ఇంట్లో వదిలిపోయిందే, అత్త చింతపండుతో తోమి పెట్టింది. చదివింపులు చదివే అతనికి జ్వరం. అందుకని మామ, అత్త, మా ఆయన, నేను ఆళ్లగడ్డకు నడిచి అక్కడ బస్సు ఎక్కాం.

నంద్యాలలో బియ్యం మిల్లు ఆవరణలో పెద్ద పందిరి. బ్యాండు మేళం, కుర్చీలు, కార్లు. ఎవరిని చూసినా ఇస్త్రీ బట్టలే. నేను అత్త వెనకవెనకే నడిచాను. తీరా చూస్తే అక్కడ చదివింపులే లేవు. ఒక మూల బల్ల వేసుకుని గుమాస్తా కూర్చున్నాడు. వచ్చినవాళ్లు కవర్లు ఇస్తున్నారు, అతను సంచిలో వేసుకుంటున్నాడు. ఎవరి నోటా మాట లేదు.

మామ తట్ట బల్ల మీద పెట్టలేదు. "సదివించేవాళ్లు యాడప్పా?" అని అడిగాడు.

"ఈడ సదివించేది లేదు. ఇచ్చి పో, పెద్దాయనా" అన్నాడు గుమాస్తా.

"సదివించకుండా ఇచ్చేకి రాలేదు మేము."

గుమాస్తా విసుక్కున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు తొందరగా కానియ్యమన్నారు. మామకు దగ్గు. గొంతు లేవదు. అత్త నా వీపు మీద చేయి వేసి ముందుకు నెట్టింది.

"నువ్వు పెట్టిందే గదా మే ఇది. నువ్వే పలుకు."

 అంతమంది మగవాళ్ల ముందు ఆడది గొంతెత్తడం మా ఇళ్లల్లో లేదు. మా ఆయన వైపు చూశాను. "పలుకు" అని తల ఊపాడు. బ్యాండు ఒక పాట ఆపి ఇంకోటి ఎత్తుకునేలోపు కళ్లు మూసుకుని ఒక్క కేక పెట్టాను. ముందు మా ఊరి పేరు చెప్పాను. తర్వాత, "సామి పెండ్లికి అయ్యగారు సదివించినదానికి బదులు, అయ్యగారి బిడ్డ పెండ్లికి ఊరు ఊరంతా నూరు రూపాయలు సదివింపులు!"

కళ్లు తెరిచేసరికి పందిరంతా మా వైపే చూస్తూ ఉంది. పెళ్లిపీటల దగ్గర నుంచి ఆ పెద్దమనిషి లేచి వచ్చాడు. మామను గుర్తు పట్టాడు. తట్టను కూడా గుర్తు పట్టాడేమో, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులా అందుకుని, మామ ఆనాడు అద్దుకున్నట్టే కళ్లకు అద్దుకున్నాడు.

"సరిపోయిందా పెద్దాయనా?" అన్నాడు.

"సరికి సరి అయ్యా" అన్నాడు మామ.

అప్పుడు ఇంకోటి జరిగింది. మేము అనుకోనిది. శిరివెళ్ల వైపు రైతు ఒకాయన, మాకు ముక్కూ మొహం తెలియనివాడు, గుమాస్తాకు ఇచ్చిన కవరు వెనక్కి అడిగి తీసుకున్నాడు. నా దగ్గరకు వచ్చి, "మాదీ సదివించమ్మా. పది రూపాయలు" అన్నాడు. చదివాను. ఇంకొకాయన వచ్చాడు. చదివాను. తర్వాత వరస కట్టారు. నా గొంతు ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు, వస్తూనే ఉంది. ఆ వరసలోకి తెలియక వచ్చి నిలబడ్డాడు ఒక రోడ్ల కంట్రాక్టరు. చేతిలో బరువైన పొట్లం. తన వంతు రాగానే సంగతి అర్థమై ఆగిపోయాడు.

అత్త ఊరుకోలేదు. "చెప్పప్పా, ఎంతని సదివించాల?"

"మాది... ఇంటి లోపల ఇస్తాంలే" అని పొట్లం చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. వరసలో ఉన్న రైతులు ఒకరిని చూసి ఒకరు నవ్వుకున్నారు. పెద్దమనిషి నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. కానీ చదవడం ఆపమని మాత్రం అనలేదు. అందుకు ఆయనను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

మమ్మల్ని భోజనాలకు తీసుకుపోయి పెద్దవాళ్ల పంక్తిలో కూర్చోబెట్టారు. ఎదురుగా అరిటాకు పరిచేసరికి మామ దాన్ని నీళ్లతో రెండుసార్లు తుడిచాడు. కొర్రన్నం కంచం పక్కకు తోసిన మనిషి ఆ రోజు ఓళిగల మీద ఓళిగలు, అవే బొబ్బట్లు, వేయించుకున్నాడు. వడ్డించేవాడు నెయ్యి పోస్తూ "ఏ ఊరు పెద్దాయనా మీది?" అని అడిగాడు.

మామ నోట్లో ముద్ద ఉంది. నా వైపు చేయి చూపించాడు.

"మా కోడలు చెప్తాది. గట్టిగా చెప్తాది" అన్నాడు.